సంతకం ఎవరిది?

ఈ ఎపిసోడ్ పరకాలలో మా ఇంట్లోంచే రికార్డ్ చేస్తున్నా. వెనకాల ఏడుపు వినిపిస్తే ఏమనుకోకండి, వాడు మా అక్క కొడుకు.

వీడు పుట్టిన రోజు నేను హాస్పిటల్ వరండాలో ఉన్నా. నర్సు వచ్చి "పేషెంటోళ్లు ఎవరు?" అని ఓ కాగితం ఇచ్చింది. బావ సంతకం పెట్టాడు. సాక్షి సంతకం నాది. ఆపరేషన్ ఎందుకని ఒక్కరం అడగలేదు. యాప్ వేసుకునేటప్పుడు చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కుతాం చూడండి, అచ్చం అట్లనే. అలాంటి స్క్రీన్లకు కోడ్ రాసి జీతం తీసుకున్నోణ్ణి నేను!

అక్క లోపల మెలకువగానే ఉంది, మాట్లాడుతోంది కూడా. నాలుగు రోజులయ్యాక అడిగింది: "తమ్మీ, కోసింది నా కడుపు కదా, నన్నెందుకు అడగలే?"

ఏం చెప్పాలో తెలియలేదు. అప్పుడే చదవడం మొదలుపెట్టా. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అది కాన్పు కేసు కాదు. ఢిల్లీలో ఆమె పరీక్ష కోసమని వెళ్తే, మత్తులో ఉండగా బయటున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మేజరైన పేషెంట్ బదులు కన్నతల్లి ఒప్పుకున్నా చెల్లదంది కోర్టు. మరి బావ సంతకం?

సిజేరియన్ తప్పని నేను అనట్లేదు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంటే అదే కాపాడుతుంది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తంలో సిజేరియన్లు 21.5 శాతం. తెలంగాణలో 60.7, అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ. మన ప్రైవేటు హాస్పిటళ్లలో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. రోడ్డుకు ఇటు పోయే ఆడవాళ్ల ఒళ్లు, అటు పోయేవాళ్ల ఒళ్లు అంత తేడాగా ఉంటాయా? ముహూర్తాల సంగతి సరేసరి. పంతులును అడుగుతాం, తల్లిని అడగం.

నొప్పులు మొదలయ్యాక ఎవరికీ ఏదీ అడిగే ఓపిక ఉండదు. ఏడో నెల చెకప్‌లోనే ఆమెతోనే అడిగించండి: ఏ పరిస్థితిలో ఆపరేషన్ అంటారు? కాసేపు ఆగితే ఏమవుతుంది? వేరే దారి ఉందా? నాకేం రిస్క్, బిడ్డకేం రిస్క్? ఇంకోటి, కాన్పు గదిలో తోడుగా ఒక మహిళ ఉండొచ్చని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రులకు చెప్పింది. మాకు తెలిసుంటే అమ్మ లోపల ఎవరైనా తోడుండొచ్చా అని అడిగేది.

ఈ కథ చెప్పొచ్చా అని ముందు అక్కనే అడిగా. "చెప్పు, నా పేరు చెప్పకు, పిల్లగాని ఫొటో పెట్టకు" అంది. అందుకే థంబ్‌నెయిల్‌లో నా మొహమే ఉంది, సర్దుకోండి.