ఊరు కదల్లేదు, హద్దు కదిలింది



1903 జనవరిలో హవాయి చెరకు తోటల్లో పనికి దిగిన కొరియా కూలీల్లో చాలామంది మెథడిస్టులు. ఆ ఏడాదే హొనొలులులో సంఘంగా కూడుకున్నారు. వాక్యంతోపాటు పిల్లలకు కొరియా అక్షరాలూ గుడి నీడలోనే నేర్పుకున్నారు.

సిరోంచ తెలుగువాళ్లు ఓడ ఎక్కలేదు. ప్రాణహిత ఒడ్డునే ఉన్నారు. 1860లో నిజాం చేతినుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి, 1960లో మహారాష్ట్రలోకి పోయింది ఊరే. ఇల్లు తెలుగు, ఆరాధన తెలుగు, బడి మరాఠీ. ఆ బడిలో చదివిన పిల్లకు తెలుగు పాట నోటికొస్తుంది, తెలుగు బైబిలు ఇస్తే చదవలేదు. అందుకే సండే స్కూల్లో అరగంట మన అక్షరాలకు ఇవ్వమంటున్నాను.

అయితే ఒక మాట, పెద్దలు కోప్పడొద్దు. మన పక్కన కూర్చునే మాడియా అక్క సంగతేమిటి? బడిలో మరాఠీతో మన పిల్లలు పడే కష్టమే గుడిలో మన తెలుగుతో ఆమె పడుతోంది. అర్థం కానిదానికి ఆమేన్ ఎలా అంటారని పౌలు కొరింథీయులను అడిగాడు. ఆమె మాత్రం మన ప్రార్థనలకు అంటూనే ఉంది. వచ్చే ఆదివారం ఆమెను తన భాషలో ప్రార్థన చేయమందాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తర్వాత ఆమె దగ్గర కూర్చుని ఆ మాటలకు అర్థం అడగండి.