లోహముల సేద్యము

గూడూరు పరిసరములలో నేల త్రవ్వినచో ఒండ్రుమట్టియు, ఇసుకయు, పలుచోట్ల ఉప్పునీరును తగులునే గాని లోహపు రాయి తగులదు. కృష్ణమ్మ తెచ్చి పోసిన మట్టియే ఈ సీమ. అట్టి చోట గనుల మాట ఏల యని శ్రోతలు అడుగవచ్చును. ఆ మాటకు మొదలు మన పొరుగున నున్న పెడనలోనే కలదు.

పెడన కలంకారీ అద్దకపు పనివారు నల్లరంగు కొఱకు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో వేసి కొన్నాళ్లు పులియనిత్తురు. కంటికి కానరాని సూక్ష్మజీవులు బెల్లమును ఆమ్లముగా మార్చును. ఆ పులుపునకు ఇనుము కరగి నీటిలో చేరును. కరక్కాయ పట్టించిన బట్టపై ఆ నీటిని అచ్చుతో అద్దగనే నలుపు తేలును. నిప్పు లేకయే ఇనుమును కరగించు విద్య ఇది.

గనులలోని సూక్ష్మజీవులకు బెల్లము అక్కరలేదు. ఇనుమును, గంధకమును ప్రాణవాయువుతో కలిపి, అందు పుట్టిన శక్తితో అవి జీవించును. 1947లో అమెరికా బొగ్గు గనుల నుండి కారు పుల్లని నీటిలో ఇట్టి జీవిని కనుగొనిరి. 1958లో దానితో లోహములు తీయు పద్ధతికి అచ్చట పేటెంటు లభించినది. రాగి స్వల్పముగా నుండి, కొలిమికి గిట్టని రాళ్లను గుట్టగా పోసి, పైన పుల్లని నీరు చల్లుదురు. సూక్ష్మజీవుల పనిచే రాగి నీటిలోనికి దిగును. ఆ నీటిని శుద్ధిచేసి, విద్యుత్తుచే రాగిని వేరుచేయుదురు. 1986లో దక్షిణాఫ్రికా ఫెయిర్‌వ్యూ గనిలో బంగారమును కప్పియున్న గంధకపు ఖనిజమును విప్పుటకును ఇవి నియోగింపబడినవి.

మొక్కలును ఈ పనికి వచ్చును. న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టు పాలు నీలిపచ్చగా నుండును. ఎండిన పాలలో ఇంచుమించు నాలుగవ వంతు నికెలే. నికెల్ గల నేలలో అట్టి జాతి మొక్కలను పెంచి, కోసి, కాల్చి, బూడిద నుండి లోహము తీయవచ్చును.

మన పల్నాటి అగ్నిగుండాల ప్రాంతమున బండలమోటు సీసమునకు, నల్లకొండ రాగికి ప్రసిద్ధములు. సీసమునకు ఈ పద్ధతి నప్పదు. గంధకామ్లముతో కలిసిన సీసము నీట కరుగదు. రాగి, ఇనుము, గంధకము కలిసిన ఖనిజమైనచో పని సాగును గాని మిక్కిలి మెల్లగా సాగును. కావున ప్రతి గనికిని ఇదే మందని తలపరాదు.

మరియొక హెచ్చరిక. గుట్ట అడుగున నీరింకని పొర లేనిచో ఆ పుల్లని నీరే వాగులలో కలియును. గని మూతపడినను సూక్ష్మజీవులు పని మానవు. ఎగువ వారి ఏమరుపాటు దిగువ వారి కాలువకు చేరును. మనము నదికి చివరి వారము. మన కాలువలలోని గుర్రపుడెక్కయు మురికినీటి లోహములను పీల్చును. కర్మాగారపు నీరు పారు చోట తీసిన డెక్కను పశువులకు వేయరాదు, ఎరువుగా పొలమునకు తోలరాదు. లోహమును పట్టు గుణము గనిలో మేలు, గాదెలో కీడు. ఆ రెంటి నడుమ ఎడము కాపాడుట మనుష్యుని పని.