విశ్వవిద్యాలయము – విమాన పరిశ్రమ

స్వాతంత్ర్యము వచ్చిన నాళ్లలో హైదరాబాదు బేగంపేట నుండి డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటా విమానములు ఎగురుచుండెడివి. డకోటా యనునది అమెరికాలోని డగ్లస్ కంపెనీ నిర్మించిన డి.సి.-3 విమానమునకు మారుపేరు. దానిని కన్నది కర్మాగారము. దానికి నడక దిద్దినది విద్యాపీఠము. ఈ రెంటి పొత్తు ఎట్టిదో, అందలి లాభమేమో, చిక్కేమో నేడు కొంచెము విచారింతము.

కాలిఫోర్నియాలోని పాసడీనా పట్టణమున కాల్‌టెక్ అను విద్యాసంస్థ కలదు. గుగ్గెన్‌హైమ్ నిధి సహాయమున అచట వైమానిక పరిశోధనశాల వెలసెను. 1930లో థియొడార్ వాన్ కార్మాన్ దానికి అధ్యక్షుడయ్యెను. 10 అడుగుల వ్యాసము గల వాయుసొరంగము ఆ శాలకు ప్రాణము. ఆకాశమున విమానము గాలిని చీల్చుకొని పోవును. సొరంగమున విమానపు చిన్న నమూనా కదలక నిలుచును, గాలియే దానిపైకి వీచును. నమూనాను పట్టియున్న త్రాసు, పైకెత్తు బలమెంతయో, వెనుకకు లాగు బలమెంతయో కొలిచి చెప్పును.

నార్త్రప్ ఆల్ఫా అను విమానమునకు రెక్కయు మొండెమును కలియు మూలలో గాలి సుడులు తిరిగి, తోకను తాకి వణికించుచుండెను. ఆ మూలను వంపైన రేకుతో నునుపుగా పూడ్చినచో గాలి చెదరక సాగునని సొరంగము తేల్చెను. తరువాత డగ్లస్ విమానములకును ఆ పూడికనే వాడిరి. ఫ్రెంచివారు నేటికిని దానిని 'కార్మాన్' అనియే పిలుతురు.

డగ్లస్ కంపెనీ డి.సి.-1 రూపకల్పనకు పూనుకొన్నప్పుడు వేరొక చిక్కు వచ్చెను. పని సాగినకొలది బరువు పెరిగి, గరిమనాభి వెనుకకు జరిగెను. వెనుక బరువెక్కువైన ఎడ్లబండి కాడి పైకి లేచుట మన రైతులెరిగిన సంగతియే. విమానమునకట్టి స్థితి కలిగినచో నిలకడ తప్పి, చోదకునికి పట్టు చిక్కదు. ఈ దోషము కాల్‌టెక్ సొరంగమున బయటపడెను. రెక్కల వెలుపలి భాగములను కొంచెము వెనుకకు వాల్చగా నిలకడ కుదిరెను. 1933 జూలై 1న ఆ విమానమును, 1935 డిసెంబరు 17న దాని సంతతియైన డి.సి.-3యు ఎగిరినవి. డకోటా రెక్కలలో అందమునకై దిద్దినట్లు తోచు వాలు, నిజమునకు పరీక్షాశాల దిద్దిన తప్పు. నమూనాలో తప్పు తేలినచో కొయ్యముక్క మార్చిన చాలును. ఆకాశమున తేలినచో ప్రాణములతో మూల్యము చెల్లింపవలసివచ్చును.

ఈ పొత్తులో మనుష్యుల రాకపోకలును ముఖ్యమైనవి. డగ్లస్ ఇంజనీరు ఆర్థర్ రేమండ్ కాల్‌టెక్‌లో విమాన నిర్మాణ పాఠము చెప్పెడివాడు. మన దేశముననూ అట్లే జరిగెను. 1940లో బెంగుళూరున హిందూస్థాన్ విమాన కర్మాగారము వెలసెను. 1942లో అదే నగరములోని భారత విజ్ఞానశాస్త్ర సంస్థలో వైమానిక శాఖ ఆరంభమయ్యెను. అందు బోధించిన వి.ఎం. ఘాటగే కర్మాగారమునకు వెళ్లి హెచ్.టి.-2 అను శిక్షణ విమానమును రూపొందించెను. అది 1951లో ఎగిరెను. ఆ యేటనే, కాల్‌టెక్‌లో చదివిన సతీశ్ ధవన్ వైమానిక శాఖలో చేరెను. 1959లో అచట 14 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గల వాయుసొరంగము సిద్ధమయ్యెను. ధవన్ 1972 నుండి 1984 వరకు ఇస్రో అధ్యక్షుడుగా నుండెను. ఆ కాలముననే, 1982లో, విజ్ఞానశాస్త్ర సంస్థలో ఇస్రో వారి అంతరిక్ష సాంకేతిక విభాగము ఏర్పడెను. పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోట కేంద్రము నేడు ఆయన పేరు ధరించియున్నది.

ఇక చిక్కు సంగతి. కర్మాగారమునకు సమాధానము త్వరగా కావలెను, అది పొరుగువానికి తెలియరాదు. విద్యార్థికి కారణము తెలియవలెను, తెలిసినదానిని ప్రకటింపవలెను. ధనమిచ్చువాని మాటయే చెల్లినచో విద్యాలయము కూలికి కొలతలు తీయు దుకాణమగును. కర్మాగారపు గడప త్రొక్కనిచో పరిశోధన గ్రంథములలోనే నిద్రించును. కావున ఒడంబడికలో ఒక హద్దు స్పష్టముగా వ్రాసికొనుట మేలు: వస్తువు కొలతలు కర్మాగారమువి, ప్రకృతి ధర్మము అందరిది. ఆల్ఫా తోక వణకుటకు కారణము ఒక బీరువాలో దాగియుండినచో, ఆ పూడిక ఇన్ని విమానములకు దక్కియుండెడిది కాదు.

2024 మే 30న శ్రీహరికోట నుండి అగ్నికుల్ సంస్థవారి చిన్న రాకెట్టు ఎగిరెను. ఆ సంస్థ మద్రాసు ఐ.ఐ.టి. ఆవరణలో పెరిగినది, ఆ రాకెట్టు ఇంజను త్రిమితీయ ముద్రణచే అతుకు లేక ఒకే ముక్కగా తయారైనది. అట్టి పనులలో చేయి పెట్టవలెనని నేడు అనేక గృహములలో పిల్లలు కోరుచున్నారు. వారిని కళాశాలలో చేర్చునపుడు జీతమెంత, ఉద్యోగమేది యని పెద్దలు అడుగుట సహజమే. దానితోబాటు ఇంకొక ప్రశ్నయు అడుగవలెను: ఆ కళాశాల వాకిటికి ఏ కర్మాగారము తన సందేహము తీర్చుకొనుటకు వచ్చుచున్నది? వచ్చినపుడు, ఆ సందేహము విద్యార్థి బల్లదాక చేరుచున్నదా?