చికిత్స అయ్యాక మిగిలే అప్పు



 వైద్య సహాయం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము టీచర్లం, డాక్టర్లం కాము. అందుకని జబ్బు సంగతి వదిలేసి, జబ్బు తగ్గాక ఏమవుతోందో చెబుతాం.

ఫలానా ఇంట్లో క్యాన్సర్ అని తెలిస్తే మనవాళ్ళు ఊరుకోరు. జుమా నమాజ్ అయ్యాక మసీదు బయట తువాలు పరిస్తే చాలు, గంటలో డబ్బు పోగవుతుంది. ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. మన రాష్ట్రంలో అది ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. మరి ఇబ్బంది ఎక్కడ? కార్డు ఆసుపత్రి బిల్లు కడుతుంది. కడప నుంచి వేలూరుకో తిరుపతికో తోడు వెళ్ళిన తండ్రి పోగొట్టుకున్న కూలి కట్టదు. అక్కడ తీసుకున్న అద్దె గది, తిండి ఖర్చు కట్టదు. జబ్బు ఏదో తేలేదాకా తిరిగిన ఆసుపత్రులు, చేయించిన స్కానింగులు చాలావరకు చేతి డబ్బే.

పెద్దవాళ్ళకైతే ఇల్లో, కొట్టో, పెన్షనో ఎంతో కొంత ఆధారం ఉంటుంది. ఇరవై ఏళ్ళవాడికి ఏముంటుంది? సంపాదన ఇంకా మొదలే కాలేదు.

మా దగ్గర పదో తరగతి చదివి వెళ్ళిన ఒక అబ్బాయికి డిగ్రీ రెండో ఏట హాడ్కిన్ లింఫోమా వచ్చింది. ఇది వయసులో ఉన్నవాళ్ళకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్, బాగా నయమయ్యే క్యాన్సర్ కూడా. ఆరు నెలల కీమోతో తగ్గింది, అల్‌హమ్దులిల్లాహ్. ఆ ఆరు నెలలూ కాలేజీకి వెళ్ళలేదు కనుక 75 శాతం హాజరు లేదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. చదువు ఆగింది. ఇంట్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చారు. వడ్డీ హరామ్ అని వాళ్ళకు తెలియక కాదు, ఆ రాత్రి ఇంకో తలుపు తెరుచుకోలేదు. ఇప్పుడు ఆ అబ్బాయి మొబైల్ షాపులో పని చేస్తున్నాడు. జీతం తొమ్మిది వేలు. వడ్డీ ఆరు వేలు. లెక్కల టీచర్ అక్కర్లేదు, ఆ మిగిలిన మూడు వేలు దేనికి సరిపోతాయో మీకే తెలుసు. మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి చెకప్‌కు రమ్మన్నారు. రెండుసార్లు మానేశాడు. అడిగితే, "బాగానే ఉన్నా కదా టీచర్, వచ్చే నెల చూద్దాం" అన్నాడు. జబ్బు తిరగబెడితే తొందరగా పట్టుకోవడానికే ఆ చెకప్. డబ్బు లేక మానేస్తున్నది సరిగ్గా దాన్నే.

కొందరికి మందు ఆగనే ఆగదు. ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఇమాటినిబ్ అనే మాత్ర ఏళ్ళ తరబడి రోజూ వేసుకోవాలి. కంపెనీ మాత్ర ఒకప్పుడు నెలకు లక్ష దాటేది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలు కొట్టేశాక మన దేశపు జనరిక్ మాత్రలకు అడ్డు లేకుండా పోయింది. ధర దిగింది, నిజమే. కానీ ఒక్క నెల కూడా సెలవు లేని ఖర్చు అది. ఎముక క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్న పిల్లలకు ఎదిగేకొద్దీ కృత్రిమ కాలు మార్చాలి. ఇక ఆడపిల్లల సంగతి. సంబంధాలు తప్పిపోతాయని జబ్బు విషయమే దాచేస్తారు, దాచినందుకు సహాయం అడగలేరు.

సూరా తౌబా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను చెప్పింది. ఫకీర్లు, మిస్కీన్లు మనకు వెంటనే గుర్తొస్తారు. అందులోనే గారిమీన్ ఉన్నారు, అంటే అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు. బట్టలు శుభ్రంగా వేసుకుని, జుట్టు మళ్ళీ వచ్చి, షాపు కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రాడు మన కంటికి హక్కుదారులా కనబడడు. అప్పు ఎంత ఉంటే అర్హత, వడ్డీ భాగం సంగతేమిటి అన్నవి ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నిర్ణయించుకుందాం. అవి మేము చెప్పే విషయాలు కావు.

మేము అడిగేది ఇదీ. కీమో రోజుల్లో ఇచ్చే మొత్తంలో కొంత పక్కన పెట్టి, చికిత్స ముగిసిన తర్వాత రెండేళ్ళపాటు చెకప్ ఖర్చుకు, ఆగిన చదువు ఫీజుకు ఇద్దాం. అధిక వడ్డీ అప్పు తీర్చడానికి సంఘం నుంచి ఖర్జె హసన ఇచ్చి, నెలకు వెయ్యో రెండు వేలో తిరిగి తీసుకుందాం. చాలామంది ఉచితంగా తీసుకోవడానికి సిగ్గుపడతారు, అప్పంటే తలెత్తుకుని తీసుకుంటారు. చెక్కు ఇస్తూ ఫొటో మాత్రం వద్దు. పెళ్ళి కావాల్సిన పిల్లలు.

ఇంకో చిన్న విషయం. చికిత్సకే కాదు, చెకప్‌కు వెళ్ళే క్యాన్సర్ రోగికి కూడా రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం. తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ. డాక్టర్ సంతకం చేసిన ఫారం ఉంటే చాలు. ఇది తెలియక పూర్తి చార్జీ పెట్టి తిరుగుతున్నవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు. ఖాళీ ఫారాలు సంఘం ఆఫీసులో పెట్టాం. మగ్రిబ్ నుంచి ఇషా వరకు మాలో ఎవరో ఒకరం అక్కడే ఉంటాం, నింపి పెడతాం.