గుండ్లకమ్మ ఒడ్డున ఎవరి గుండెలో ఏముంది?

(రంగత్‌లో జరిగిన స్మారక సభలో చేసిన ఉపన్యాసం)



ఈ రోజు మనం స్మరించుకుంటున్న మాస్టారిని ఎరగనివాళ్లు ఈ హాల్లో లేరు. శనివారం కూటంలో ఎవరైనా లేచి, "ఈ సంగతి గురించి ప్రార్థన చేశాను, నా మనసుకు సమాధానం కలిగింది, కనుక ఇది దేవుని చిత్తమే" అని సాక్ష్యం చెబుతుంటే ఆయన కళ్లజోడు పైకి తోసుకుని "ఏ వచనం, అమ్మా?" అని అడిగేవారు. సాక్ష్యం మధ్యలో ఆపారని ఆయన మీద అలిగినవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు. పేర్లు చెప్పను, వాళ్లే ముసిముసిగా నవ్వుకుంటున్నారు. మనసు చెప్పేది గొప్పదా, వాక్యం చెప్పేది గొప్పదా అన్న ఆ ప్రశ్ననే తెలుగు సంఘ చరిత్రను అడగమని ఈ సభవారు నన్ను పిలిచారు.

మొదటి వంద సంవత్సరాలు మీకు తెలిసినవే. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు బైబిలు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో క్రాన్, డెగ్రాంజ్ అనే మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే విశ్వాసి తోడుగా సువార్తల అనువాదం సాగింది. 1818కి కొత్త నిబంధన అచ్చయింది. ఎవరి అనువాదం మేలన్న తగాదాల్లో నాకు పెద్ద ఆసక్తి లేదు. పుస్తకం వచ్చింది, అంతే. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషనును మూసేయాలని అమెరికాలో జరిగిన చర్చలు, దానికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరొచ్చిన కథ ఆదివారపు బడి పిల్లలు కూడా చెప్పగలరు. కనుక సూటిగా ఒంగోలు వెళ్దాం.

1866లో అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు, గొలుసు పట్టి భూమి కొలిచిన మనిషి. ఆ ఏడాదే యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. అంతకుముందు రాజయోగ ఉపదేశం పొందినవాడు. దీన్ని మనవాళ్లు దాటేస్తారు, నేను దాటను. లోపలి అనుభూతి అంటే ఏమిటో పేరయ్యకు మిషనరీలు నేర్పనక్కరలేదు. కళ్లు మూసుకుని కూర్చోవడం, శ్వాసను నిలపడం, లోపల వెలుగు కోసం ఎదురుచూడడం అన్నీ ఆయన ఎరిగినవే. ఆయనకు కొత్తగా దొరికింది బయటి నుంచి వచ్చిన మాట, తన మనసు ఎలా ఉన్నా మారని మాట. రోమా పత్రిక పదో అధ్యాయం విశ్వాసాన్ని వినికిడితో ముడిపెట్టింది. ఒంగోలు పల్లెల్లో అది అక్షరాలా జరిగింది. సంఘంలో చేరినవారిలో అత్యధికులకు చదువు రాదు. బోధకుడు చదివితే విన్నారు, విన్నది కంఠస్థం చేశారు.

చేరినవాళ్ల ముందు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇందులో "నీకు ఎలా అనిపిస్తోంది?" అన్న ప్రశ్న లేదని గమనించండి. కాని ఊరి జాతరలో డప్పు కొట్టనని మాదిగవాడు అన్ననాడు ఊరు ఎలా తిరగబడిందో తలుచుకోండి. పని పోయింది, బావి దూరమైంది. కూటంలో కన్నీళ్లు ఎంతసేపైనా కారతాయి. పొద్దున్నే కామందు గుమ్మంలో నిలబడినప్పుడు మాత్రం నోటికొచ్చిన వచనం కావాలి.

తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలు. తట్టలు దించి జనం కూర్చున్న వేళ వాళ్లే వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం అడిగారు. ఇక్కడే ఆ సర్వేయరు బుద్ధి చూడండి: దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలి కన్నీళ్లకు, పశ్చాత్తాపం కన్నీళ్లకు తేడా చూసి చెప్పగలనని ఆయన అనుకోలేదు. కరువు సాయం ముగిసింది. 1878 జూన్‌లో జనం వెల్లంపల్లి దగ్గర మళ్లీ చేరారు. ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లండి అన్నాడు క్లౌ. సాయం అక్కరలేదు, బాప్తిస్మం కావాలన్నారు. జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇద్దరేసి బోధకులు నీళ్లలో నిలబడ్డారు, అలిసిపోతే మరో ఇద్దరు దిగారు, ఒడ్డు మీద గుమాస్తాలు పేర్లు చదివారు. క్లౌ మాత్రం నీళ్లలోకి దిగలేదు.

ఇప్పుడు నా పాత పోట్లాట. అధ్యక్షులవారు నవ్వుతున్నారు, ఇది వస్తుందని ఆయనకు తెలుసు. కొందరు పండితులు వీళ్లందరినీ గంజి క్రైస్తవులన్నారు. గంజి కోసమే అయితే గంజి ఆగాక ఎందుకొచ్చారు? గంజి ఆగిపోయిందన్న సంగతి వాళ్ల పుస్తకాల్లో అడుగున ఎక్కడో సన్న అక్షరాల్లో ఉంటుంది. అవతలి పక్క మన భక్తులు అది ఉజ్జీవమని, రెండో పెంతెకొస్తు అని, జనమంతా పరవశులయ్యారని రాశారు. వీళ్లూ వాళ్లూ ఒకే గోతిలో పడ్డారు. ఆ రోజు 2,222 గుండెల్లో ఏముందో తమకు తెలుసని ఇరుపక్షాలూ నమ్మాయి. గుండెల్లోకి తొంగిచూసే ఉద్యోగం చరిత్రకారుడికి ఎవరిచ్చారు? హృదయం మోసకరమని యిర్మీయా చెప్పింది భక్తుడికే కాదు, పండితుడికీ వర్తిస్తుంది. పికెట్ అనే మిషనరీ దేశమంతటి సామూహిక మతమార్పిడి ఉద్యమాలను పరిశీలించి, 1933లో వచ్చిన పుస్తకంలో జనం వచ్చిన కారణాలను వర్గాలుగా విడగొట్టాడు. చివరికి తేలిందేమిటి? ఏ ఉద్దేశంతో వచ్చారన్న దానికన్నా, వచ్చాక వాళ్లకు ఎంత నేర్పారన్నదే ఎక్కువ లెక్కకొచ్చింది. పికెట్‌ను ఉదహరించేవాళ్లు ఆ వర్గాల పట్టిక వరకే చదివి పుస్తకం మూసేస్తారు. నేను వాళ్లతో సెమినార్లలో, ఉత్తరాల్లో, ఒకసారి రైలు ప్లాట్‌ఫారం మీద కూడా వాదించాను. ఇంకా వాదిస్తాను.

చిన్న మాట, మన అండమాన్ దీవుల గురించి. మాయాబందర్ దగ్గర వెబీలో ఉన్న కరెన్ క్రైస్తవ అన్నదమ్ముల పెద్దలు 1925లో బర్మా నుంచి వచ్చారు. బర్మాలో మిషనరీ జడ్సన్‌ను పోషించిన అమెరికన్ బాప్టిస్టు సంస్థే క్లౌను ఒంగోలుకు పంపింది. ట్రంక్ రోడ్డు మీద బస్సులో మన పక్కన కూర్చునే కరెన్ పెద్దాయన ఆ లెక్కన మనకు దాయాదే.

సమయం అయిపోవచ్చింది, కనుక తర్వాతివాళ్ల సంగతి గబగబా చెబుతాను. 1938లో దేవదాసు అయ్యగారు 'బైబిలు మిషను' స్థాపించారు. ఆ పేరు దర్శనంలో కనిపించిందని ఆయన చెప్పారు. దర్శనంలో కనిపించింది బైబిలు పేరే కావడం నాకు ముచ్చటగా ఉంటుంది. పండితులు సాల్మన్ రాజ్ గారు 1986లో ఈ బైబిలు మిషనును జానపద మతంగా చూసి పుస్తకం రాశారు, దానికి జవాబు ఇంకోసారి. బక్త్ సింగ్ గారు కెనడాలో కొత్త నిబంధన చదివి మారిన సిక్కు. ఆయన సహవాసాల్లో చంకలో బైబిలు లేని విశ్వాసి కనబడడు. 2000లో హైదరాబాదులో ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆ తర్వాత వాక్యం టీవీలోకి, ఆ తర్వాత ఫోనులోకి వచ్చింది.

ఫోను దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం వాగ్దానం కార్డులు తీస్తాం. ఇప్పుడవి వాట్సాప్‌లో రోజూ వస్తున్నాయి. అందరికీ ఇష్టమైనది, మీ మేలే నా ఉద్దేశమని దేవుడు చెప్పే యిర్మీయా 29లో పదకొండో వచనం. చదవగానే గుండె తేలికవుతుంది, ఫార్వర్డ్ చేస్తాం. వచనం ఉంది కనుక వాక్యం మీద ఆధారపడ్డామనుకుంటాం. నిజానికి మనసుకు నచ్చిన ముక్కను ఏరుకున్నాం, ఏరినది అనుభూతే. పదో వచనం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. అందులో చెర డెబ్బై ఏళ్లని ఉంది. యిర్మీయా బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరిగి ఊరు చూడరన్నమాట. అంతకుముందే ప్రవక్త వాళ్లను పరాయి ఊళ్లోనే ఇళ్లు కట్టుకోమని, తోటలు వేసుకోమని, తాము చెరలో ఉన్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించమని చెప్పాడు. సముద్రం దాటి వచ్చి ఇక్కడ పోకతోటలు వేసుకున్న మనకు ఆ అయిదో వచనం కార్డు మీద ఎందుకు రాదో కార్డులు అచ్చువేసేవారిని అడగాలి.

అధ్యక్షులవారు గంట కొట్టారు. పెంతెకొస్తు సంఘాల సంగతి చెప్పనేలేదు. వాటి మీద నా కాగితాలు ఇక్కడే ఉన్నాయి, టీ తర్వాత ప్రశ్నల్లో అడగండి.