విమానాశ్రయంలో మన పెద్దవాళ్ళు
(సంఘం సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాంస్కృతికోత్సవంలో ముగ్గుల గూర్చో, హరికథ గూర్చో కాక విమానాశ్రయం గూర్చి మాట్లాడతామని చెప్పినప్పుడు కార్యదర్శిగారు ఒక క్షణం మా ముఖం వంక చూశారు. కాని మీరు ఆలోచించండి. ఈ మలేసియా దేశంలో పుట్టి పెరిగిన మన కుటుంబాలు తాతగారి ఊరిని కలుసుకొనే చోటు ఏది? సెపాంగులోని ఆ పెద్ద భవనమే. విశాఖ వైపు నుండి మేనత్త వచ్చినా, శ్రీకాకుళం నుండి పెళ్ళికూతురి అమ్మమ్మ వచ్చినా, ఇక్కడి పెద్దవాళ్ళు ఒక్కసారి స్వగ్రామం చూసి రావాలని బయలుదేరినా ఆ గుమ్మం దాటవలసిందే. ఆ గుమ్మాన్ని ఎలా కట్టారు, ఎవరిని మనసులో పెట్టుకొని కట్టారు అన్నది మన ఇంటి సంగతే.

మా తాతల కాలంలో ఆ గుమ్మం ఓడరేవు. మదరాసులో ఓడ ఎక్కి పినాంగులోనో, అప్పట్లో పోర్ట్ స్వెట్టెన్‌హామ్ అని పిలిచిన పోర్ట్ క్లాంగులోనో దిగేవారు. 1926లో కట్టిన 'రజులా' ఓడ పేరు మన పాత కుటుంబాలలో తెలియనివారు తక్కువ. డెక్కు మీద చాప పరుచుకొని ప్రయాణం. పినాంగులో దిగే కూలీలకు జెరెజాక్ దీవిలో క్వారంటైను. అక్కడ ప్రయాణికుడి సుఖం గూర్చి ఎవరైనా ఆలోచించారని మా ఇంట్లో విన్న ఏ కథలోనూ లేదు. 1973లో రజులా ఆ దారి వదిలింది. తరువాత నడిచిన 'చిదంబరం' ఓడ 1985లో అగ్నిప్రమాదానికి గురై ఆగిపోయింది. ఇక మిగిలింది ఆకాశమార్గమే.

సుబాంగు విమానాశ్రయం 1965లో తెరిచారు. మా ఈడు వాళ్ళకు అది బాగా గుర్తు. ఒక్కరు ప్రయాణమైతే ఎస్టేటు వ్యానులో ఇరవైమంది వెళ్ళి, పైన గ్యాలరీలో నిలబడి విమానం కనబడినంతసేపు చెయ్యి ఊపేవాళ్ళం. నడవవలసిన దూరం తక్కువ. దారి తెలియకపోతే చుట్టూ మనవాళ్ళే.

1998 జూన్‌లో సెపాంగులో కొత్త విమానాశ్రయం వచ్చింది. అంతకుముందు ఆ నేలలో పామాయిలు తోటలు ఉండేవి. తోటల్లో పనిచేసిన కుటుంబాలవారికి ఈ మాట ఒక్కసారి గుండెలో తగులుతుంది. దానిని రూపొందించినవారు జపాను వాస్తుశిల్పి కిషో కురొకావా. అడవిలో విమానాశ్రయం, విమానాశ్రయంలో అడవి అన్నది ఆయన భావన. పెద్ద హాలులో స్తంభాలు చెట్ల మొదళ్ళ వలె లేచి పైకప్పును మోస్తాయి. కప్పు లోపలి భాగానికి చెక్క అమర్చారు. శాటిలైట్ అనే రెండవ భవనం నడుమ ఆకాశం కనబడేటట్లు నిజమైన చెట్లు పెంచారు. చాలా గంటలు కూర్చొని వచ్చిన మనిషికి మొదట పచ్చదనం కనబడితే ఊపిరి తేలిక పడుతుంది. దీనిని అలంకారం అని తీసిపారేయకూడదు. మా అభిప్రాయంలో ఈ భవనంలోని గొప్ప సౌకర్యం ఏ యంత్రమూ కాదు, ఆ చెట్లే.

దూరం మాత్రం వేరే సంగతి. భవనం పెద్దదైనకొద్దీ నడక పెరుగుతుంది. ఆ నడక తగ్గించడానికే ప్రధాన భవనం నుండి శాటిలైటుకు డ్రైవరు లేని ఏరోట్రైన్ పెట్టారు. 2023 మార్చిలో అది ఆగిపోయింది. కొత్త రైళ్ళు వచ్చి 2025 జూలై 1న మళ్ళీ మొదలయ్యేదాకా ప్రయాణికులను బస్సులలో తీసుకొనిపోయారు. యంత్రం మీద కట్టిన సౌకర్యానికి యంత్రం ఆగిన రోజున ఏమిటి దారి అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. 1998లో మన విమానాశ్రయం తెరిచిన మొదటి రోజుల్లో కంప్యూటర్లు మొరాయించి సామానుల కోసం జనం గంటలు నిలబడ్డారు. అదే సంవత్సరం జూలైలో తెరిచిన హాంగ్‌కాంగు కొత్త విమానాశ్రయంలోనూ అంతే. అమెరికాలోని డెన్వరులో సామానులను తానే మోసుకుపోయే యంత్రాన్ని నమ్ముకొని, అది కుదరక, విమానాశ్రయం తెరవడమే 16 నెలలు ఆలస్యమై 1995 ఫిబ్రవరిలో తెరిచారు. 2005లో ఆ యంత్రాన్ని పూర్తిగా వదిలిపెట్టారు.

సామాను విషయంలో నిజమైన మేలు చేసింది చిన్న కాగితపు చీటీ. పెట్టె పిడికి అంటించే ఆ చీటీ మీద గీతలు, వాటికింద పది అంకెలు ఉంటాయి. అది పెట్టెకు పేరు వంటిది. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన అయాటా నియమం ప్రకారం 2018 జూన్ నుండి పెట్టె అప్పగించినప్పుడు, విమానంలో ఎక్కించినప్పుడు, మరో విమానానికి మార్చినప్పుడు, చివర ప్రయాణికుడికి అందించినప్పుడు దాని జాడ నమోదు చేయాలి. కనుక ఆవకాయ జాడీ ఉన్న పెట్టె రాకపోతే కంగారు పడవద్దు; ఆ చీటీ ముక్క భద్రంగా ఉంచుకోండి. (జాడీ పగిలితే ఏ నియమమూ ఆదుకోదు. పచ్చడికి రెండు ప్లాస్టిక్ సంచులు వేయమని మా ఇంటి ఆడవాళ్ళ సలహా.)

ఇప్పుడు మాకు ఇష్టమైన విషయం, రాత. 1967లో హాలండులోని స్కిపోల్ విమానాశ్రయానికి బెన్నో విస్సింగ్ అనే రూపశిల్పి దారి చూపే పలకలు తయారుచేశారు. ప్రయాణికుడు పోవలసిన దారికి పసుపు రంగు. దుకాణాల ప్రకటనల మధ్య అవి కలిసిపోకూడదు. నేడు ఎన్నో దేశాల విమానాశ్రయాలలో మనకు కనబడే పసుపు పలకలు ఆ వరుసలోనివే. తరువాత 1974లో అమెరికాలో రవాణా శాఖ, అక్కడి గ్రాఫిక్ కళాకారుల సంస్థ కలిసి 34 బొమ్మ గుర్తులు తయారు చేయించాయి. 1979లో మరి 16 చేర్చాయి. మరుగుదొడ్డి ముందు నిలబడ్డ మగ ఆడ బొమ్మలు, పెట్టె బొమ్మ, టెలిఫోను బొమ్మ ఆ కుటుంబానివే. భాష తెలియనివారి కోసం చేసిన ఈ లిపిని చూసినప్పుడు అక్షరాలు నేర్పే వృత్తిలో ఉన్న మాకు కొంచెం అసూయ కూడా కలుగుతుంది. మన యాభైఆరు అక్షరాలు పిల్లల చేత దిద్దించడానికి మాకు ఎన్ని సాయంకాలాలు పడుతున్నాయో మీకు తెలుసు!

కాని బొమ్మ అన్నీ చెప్పలేదు. పెట్టె బొమ్మ చూసి పెట్టె తీసుకోవచ్చు. 'గేటు మారింది' అన్నదానికి బొమ్మ లేదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు 'బెర్లెపాస్' అంటే బయలుదేరడం, 'కెతిబాన్' అంటే రాక, 'కెలువార్' అంటే బయటికి పోవు దారి అని తెలుసు. విశాఖ నుండి వచ్చిన అమ్మమ్మకు అవి మలయా మాటలనే సంగతి కూడా తెలియదు. పైగా చాలా పెద్ద విమానాశ్రయాలు ఈ మధ్య మైకులో ప్రకటనలు తగ్గించాయి. గోల లేదు, మనసుకు హాయి అంటున్నారు. చదవగలిగినవారికి అది హాయే. మా బంధువులలో డెబ్బై దాటిన ఒక పిన్నిగారు దారిలో ఒక పరదేశపు విమానాశ్రయంలో విమానం మారవలసి వచ్చింది. చీటీ మీద రాసిన గేటు దగ్గరే బుద్ధిగా కూర్చున్నారు. గేటు మారిన సంగతి తెర మీద మాత్రమే వేశారు. అక్కడ నేల తుడుస్తున్న ఒక అమ్మాయి పిన్నిగారి చీర కట్టు చూసి "ఏ ఊరమ్మా మీది?" అని పలకరించింది. ఆ అమ్మాయిది తూర్పు గోదావరి. చీపురు పక్కన పెట్టి, చెయ్యి పట్టుకొని కొత్త గేటు దాకా తీసుకొనిపోయింది.

అందుచేతనే మన పెద్దవాళ్ళు నడవగలిగి కూడా చక్రాల కుర్చీ అడుగుతారు. కొందరు దీనిని చూసి నవ్వుతారు. ఇంట్లో మెట్లెక్కే మనిషికి కుర్చీ ఎందుకని విసుక్కుంటారు. వాళ్ళు అడిగేది కుర్చీ కాదండీ. కుర్చీ వెనుక నిలబడి తోసే మనిషిని. ఆ మనిషికి దారి తెలుసు, వరుస తెలుసు, అధికారితో ఏమి చెప్పాలో తెలుసు. మనిషిని మాత్రమే అడగడానికి ఫారములో గడి లేదు గనుక కుర్చీ గడిలో గుర్తు పెడుతున్నారు. 2016లో లండను దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉన్న మెడపట్టీ ప్రవేశపెట్టారు. పైకి కనబడని ఇబ్బంది ఉన్నవారు అది వేసుకుంటే ఉద్యోగులు కొంచెం ఓపికగా, దగ్గరకు వచ్చి మాట్లాడతారు. ఎన్నో దేశాలకు అది వ్యాపించింది. రూపకల్పన అంటే మాకు ఇది నచ్చింది. ఖర్చు ఒక పట్టీ ముక్క.

యంత్రాలను నిందించడానికి మేము ఇక్కడ నిలబడలేదు. ఏళ్ళ తరబడి రబ్బరు చెట్లు గీసిన చేతుల మీద వేలిముద్రలు కొందరికి అరిగిపోయి ఉంటాయి. వేలు చదివే యంత్రం ముందు అటువంటివారు మూడుసార్లు, నాలుగుసార్లు వేలు తుడుచుకొని పెట్టడం మేము చూశాము. ముఖం చూసి గుర్తుపట్టే యంత్రం వారికి మేలే. ఇండియాలో 2022 డిసెంబరులో మొదలైన 'డిజియాత్ర' ముఖమే చీటీగా దేశంలోపలి ప్రయాణికులను పంపుతున్నది. 2023లో హైదరాబాదుకు, విజయవాడకు వచ్చింది. అయితే దానికి ముందు ఫోనులో పేరు నమోదు చేసుకోవాలి. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? మనవడి చేతిలో.

ఇదే మన ఇళ్ళలో నేడు నిజంగా కష్టపెడుతున్న సంగతి. మలేసియా 2023 డిసెంబరు 1 నుండి భారత పౌరులకు 30 రోజుల వరకు వీసా లేకుండా వచ్చే సౌకర్యం కల్పించింది. పెళ్ళిళ్ళకు బంధువులు రావడం సులువైంది. కాని 2024 జనవరి 1 నుండి విదేశీయులు ఇంటర్నెట్‌లో రాక కార్డు నింపాలి, వచ్చే రోజుకు మూడు రోజుల లోపల. దీనికి రుసుము లేదు. డబ్బు అడిగే పేజీ కనబడితే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకోండి. 2025 అక్టోబరు నుండి ఇండియా కూడా విదేశీ ప్రయాణికులకు ఇటువంటి కార్డు పెట్టింది. అంటే మన వైపు నుండి తాతగారు వెళ్ళినా, అక్కడి నుండి అమ్మమ్మ వచ్చినా, గుమ్మం దగ్గర కాగితం మీద ఎవరినైనా అడిగి నింపించుకొనే రోజులు పోయాయి. ప్రయాణానికి ముందే ఇంట్లో ఒకరు కూర్చొని నింపాలి. పిల్లలు దూరాన ఉన్న ముసలి దంపతులకు ఆ ఒకరు ఎవరు?

మా సాయంకాలపు బడిలో దీనికి ఒక పని మొదలుపెట్టాము. పిల్లలు అరచేతి అంత కార్డులు రాశారు. ఒక వైపు తెలుగు, రెండవ వైపు మలయా, ఇంగ్లీషు. 'నాకు తెలుగు మాత్రమే వచ్చును. దయచేసి నా గేటు ఎక్కడో చూపించండి' అని, కింద విమానం నంబరుకు, ఎదురు వచ్చేవారి ఫోనుకు ఖాళీ జాగా. గేటు అనే మాటకు తెలుగు ఏమిటని పిల్లలలో తగాదా వచ్చింది. మేము 'ద్వారము' అని బోర్డు మీద రాశాము. వెనుక బెంచీలో కూర్చున్న ఒక నానమ్మగారు, "గేటు అనే రాయండి మాస్టారూ, ద్వారం అంటే ఆవిడ గుడి కోసం వెతుకుతుంది" అన్నారు. గేటు అనే రాయించాము.

ఆ కార్డులు హాలు వెనుక బల్ల మీద, ప్రసాదం పక్కన పెట్టాము, కావలసినన్ని తీసుకోండి. రాక కార్డు నింపిపెట్టడానికి మా పెద్ద తరగతి పిల్లలు ఆరుగురు ఒప్పుకున్నారు. బుధవారం, శుక్రవారం సాయంకాలం ఏడున్నరకు బడిలో ఉంటారు. పాస్‌పోర్టు, విమానం టిక్కెట్టు తెండి. పిల్లలకు ఊరక పెట్టవద్దు, వాళ్ళతో తెలుగులోనే మాట్లాడండి. అదే వాళ్ళకు ఫీజు. విమానాశ్రయానికి తోడు వెళ్ళగల పెద్దవారు తమ పేర్లు కార్యదర్శిగారి దగ్గర ఉన్న పుస్తకంలో రాయించవలెను. ఇప్పటికి నాలుగు పేర్లు ఉన్నాయి. దసరా సెలవులకు వచ్చేవారు ఎక్కువ గనుక ఇంకా పది పేర్లు కావాలి.