బీ అమ్మ
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. బడిపంతుళ్ళం, గంట కొట్టేదాకా ఆపడం మాకు చేతగాదు. అయినా ప్రయత్నిస్తాం.

ఇంటికి పెద్ద దిక్కుగా నిలిచిన తల్లిని గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. మొదట మా దాదీమా గురించే చెబుదామనుకున్నాం. కాని ఆమె మాట ఎత్తితే గొంతు పూడుకుపోతుంది, సభ పాడవుతుంది. అందుకని అందరి ఇళ్ళకూ దాదీమా అనదగిన ఒకామెను ఎంచుకున్నాం.

మౌలానా షౌకత్ అలీ, మౌలానా ముహమ్మద్ అలీగార్ల పేర్లు వినని వారు ఈ సభలో వుండరు. వారి తల్లిని లోకమంతా 'బీ అమ్మ' అన్నది. అసలు పేరు ఆబాదీ బానో బేగం. మా ఏడో తరగతిలో ఆ పేరు అడిగితే ఒక్కరూ చెప్పలేదు. పిల్లలది తప్పు కాదు, ఇన్నేళ్ళూ మేమే చెప్పలేదు.

1850లో ఉత్తరాదిన అమ్రోహాలో పుట్టారు. రాంపూరు సంస్థానంలో ఉద్యోగం చేసే అబ్దుల్ అలీ ఖాన్‌గారికిచ్చి పెళ్ళి చేశారు. ఐదుగురు కొడుకులు, ఒక కూతురు. భర్త పోయేనాటికి ఆమెకు ముప్పయి ఏళ్ళు. ముహమ్మద్ అలీ అప్పటికి పాలు మరిచిన పసివాడు.

ఆ రోజుల్లో ఇంగ్లీషు చదువంటే మన ఇళ్ళలో భయం. దీన్ పోతుందనేవారు. ఆస్తి వ్యవహారాలు చూసే మరిదిగారు ఇంగ్లీషు బడికి పైసా ఇవ్వనన్నారు. ఆమె వాదించలేదు. తన నగలు పనిమనిషి చేత పంపించి షావుకారు దగ్గర కుదువ పెట్టించారు. ఆ డబ్బుతో కొడుకును బరేలీ బడికి పంపారు. తరువాత అలీగఢ్ కాలేజీ. అక్కడ షౌకత్ అలీ క్రికెట్ జట్టుకు కెప్టెన్ కూడా అయ్యారు (మగపిల్లలు ఈ ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటారు). ఆయన ఉద్యోగంలో చేరి, తన సంపాదనతో తమ్ముణ్ణి 1898లో ఆక్స్‌ఫర్డుకు పంపారు. అన్నిటికీ మూలం ఆ కుదువ పెట్టిన నగలే గదా!

ఈ పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "సార్, మరి కూతురి పెళ్ళికి నగలు వద్దా?" అన్నది. సుద్దముక్క చేతిలో పట్టుకుని కాసేపు నిలబడిపోయాం. మన వీధుల్లో బంగారం బయటికి వచ్చేది రెండిటికే, ఒకటి పెళ్ళికి, రెండు ఆసుపత్రికి. బీ అమ్మ దాన్ని బడికి తీశారు. నిజం చెప్పుకోవాలంటే ఆ బంగారంతో సాగింది కొడుకుల చదువు. కాలం అటువంటిది. మొన్న జూన్‌లో ఒక తల్లి పదోతరగతి ప్యాసైన కూతురితో మా బడికి వచ్చింది, టి.సి. కోసం. ఆమె చెవులు బోసిగా వున్నాయి. మేము అడగలేదు. ఆమే చెప్పింది, "కమ్మలు బ్యాంకులో పెట్టానండీ, ఇంటర్‌లో చేర్పించాలి" అని. పేరు చెప్పం.

ఇక రెండో భాగానికి వస్తాం. అరవైఅయిదేళ్ళు వస్తే మనం ఆడవాళ్ళను తస్బీహ్ ఇచ్చి మంచంమీద కూర్చోబెడతాం. ఆమె అసలు పని అప్పుడే మొదలయింది. 1915లో ప్రభుత్వం అన్నదమ్ములిద్దరినీ నిర్బంధించి, చివరకు ఛింద్వాడాలో పెట్టింది. ఆమె కూడా వెళ్ళి వారితోపాటు వున్నారు. షరతులకు ఒప్పుకుని సంతకం పెడితే వదిలేస్తామని ప్రభుత్వం మనిషిని పంపింది. అటువంటి సంతకం పెడితే ఈ ముసలి చేతులతోనే కొడుకుల గొంతు నులుముతానని ఆమె అన్నారట. తల్లి నోట రాదగిన మాటేనా అని మా ఇంట్లోవారు ఇప్పటికీ వాదిస్తారు!

1917 డిసెంబరులో కలకత్తాలో ముస్లిం లీగు సభకు నిర్బంధంలో వున్న ముహమ్మద్ అలీగారినే అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. కుర్చీ ఖాళీ, దానిలో ఆయన ఫోటో. ఆ సభలో తల్లి బురఖాలోనే మాట్లాడారు.

1921 సెప్టెంబరు 14న గాంధీగారితో మద్రాసు వెళుతున్న ముహమ్మద్ అలీగారిని పోలీసులు దింపింది ఎక్కడనుకున్నారు? మన వాల్తేరు స్టేషన్లో. తరువాత కరాచీలో విచారణ జరిగి అన్నదమ్ములకు రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. డెబ్బయి దాటిన తల్లి ఖద్దరు కట్టి, కోడలు అమ్జదీ బేగంతో ఊరూరా తిరిగారు. ఖిలాఫత్ నిధికి చందాలు వసూలు చేశారు, విదేశీ బట్ట వదలమని చెప్పారు, హిందువులూ ముస్లిములూ కలిసి వుండమన్నారు. పంజాబులో ఒక సభలో, ఇక్కడున్నవారంతా నా బిడ్డలే, బిడ్డల ముందు పరదా ఏమిటని ముఖంమీది ముసుగు తీసేశారు. జీవితమంతా పరదా పాటించిన మనిషి! ఆమెమీద పాటలు కట్టి వీధుల్లో పాడుకున్నారు.

ముహమ్మద్ అలీగారు 1923లో విడుదలయ్యారు. ఆ డిసెంబరులోనే మన కాకినాడ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. వాల్తేరులో పట్టుబడిన కొడుకు రెండేళ్ళకు ఆ పక్కనే పీఠమెక్కాడన్న కబురు వినేదాకా ఆమె బ్రతికి వున్నారు. మరుసటి సంవత్సరం, 1924 నవంబరు 13న ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి డెబ్బయి నాలుగేళ్ళు.

మగ్రిబ్ వేళవుతున్నది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.